నర్సమ్మను అడగండి: టీకా గడువు నుంచి బీపీ మాత్ర దాకా

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల నుంచే. ప్రజారోగ్య నర్సింగ్‌లో పనిచేసేవారు రాసిన జవాబులివి.

ప్రశ్న (పలమనేరు): పాపకు ఆరు వారాల టీకాలు ఇక్కడే వేయించినాము. తరవాత మా ఆయన కట్టడం పని మీద బెంగళూరు పోతే మేమూ పోయినాము. ఇప్పుడు పాపకు ఐదో నెల నిండింది. పదో వారానివీ, పద్నాలుగో వారానివీ వేయించలేదు. మళ్లీ మొదటి నుంచి వేయాలంటున్నారు, నిజమేనా? ఒకేరోజు మూడు సూదులేస్తే బిడ్డ తట్టుకుంటుందా?

జవాబు: మొదటి నుంచి అక్కర్లేదు. వేసిన డోసు ఎంత ఆలస్యమైనా లెక్కలోనే ఉంటుంది. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలుపెడతారు. ఆగిపోయినందుకు నర్సమ్మ కోప్పడుతుందేమోనని ఇంకో నెల వాయిదా వేసే తల్లులున్నారు. అసలు నష్టం ఆ రెండో వాయిదాలోనే జరుగుతుంది.

మీ పాపకు ఈ బుధవారమో శనివారమో వేయాల్సినవి ఇవి: పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా) రెండో డోసు ఎడమ తొడకు, పీసీవీ (న్యుమోనియా టీకా) రెండో డోసు కుడి తొడకు, ఐపీవీ (పోలియో సూది) రెండో డోసు కుడి భుజం చర్మంలోకి, నోట్లో పోలియో చుక్కలు, రోటా (విరేచనాల టీకా) చుక్కలు. పీసీవీ, ఐపీవీల మొదటి రెండు డోసుల మధ్య ఎనిమిది వారాలు గడవాలి. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది కాబట్టి పద్నాలుగో వారం దాకా ఆగాల్సిన ఆ రెండూ ఇప్పుడే పడిపోతాయి. సరిగ్గా నాలుగు వారాలకు పెంటావాలెంట్, పోలియో, రోటా మూడో డోసులు. ఆ తరవాత తొమ్మిది నెలలు నిండగానే ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) మొదటి డోసు, పీసీవీ బూస్టరు, ఐపీవీ మూడోది, 1 మి.లీ. విటమిన్ ఏ. రోటాను మాత్రం మరీ ఆలస్యం చేయకూడదు. మొదటి డోసు ఏడాది లోపు పడితేనే మిగతావి వేస్తారు. మీకు మొదటిది పడింది కాబట్టి ఇబ్బంది లేదు. దేశంలో ఆ టీకా 2016లో మొదట మొదలైన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి.

మూడు సూదుల గురించి భయం వద్దు. ఒక్కోదానికి ఒక్కో చోటు కేటాయించింది అందుకే. విడివిడిగా వేయమని పట్టుబడితే మూడుసార్లు ఏడిపించడం తప్ప బిడ్డకు ఒరిగేదేమీ లేదు. సూది వేసేటప్పుడు పాలిస్తూ ఉండొచ్చు, చుక్కలు వేశాకా పాలివ్వొచ్చు.

టీకా అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి. పెంటావాలెంట్‌కు ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ దగ్గర వాపు మామూలే. తడిగుడ్డ పెట్టండి. వేడి కాపడం, నూనె మర్దన వద్దు. పారాసిటమాల్ దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా. లెక్క. ఆరు కిలోల బిడ్డకు 60 నుంచి 90 మి.గ్రా. ఇదే మందు డ్రాప్స్ సీసాలో ఒక మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది, సిరప్పులో 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉంటుంది. అంటే డ్రాప్స్ అయితే 0.6 నుంచి 0.9 మి.లీ., సిరప్పు అయితే సుమారు 2.5 నుంచి 3.5 మి.లీ. సిరప్పు కొలతతో డ్రాప్స్ పోస్తే నాలుగింతలు పడుతుంది. సీసా మీది అంకె చదివాకే మూత తీయండి. డోసుకూ డోసుకూ ఆరు గంటలు ఎడం ఉండాలి. మూడు గంటలకు పైగా ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ వాలిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

కార్డు బెంగళూరులో పోయి ఉంటే కంగారు వద్దు. మీ ఏఎన్‌ఎం (ఊళ్లో టీకాలు వేసే నర్సమ్మ) రిజిస్టరులో వివరాలుంటాయి, యూవిన్‌ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ టీకా రికార్డులో నమోదై ఉంటే ఫోన్ నంబరుతో దొరుకుతాయి. మళ్లీ వలస పోవాల్సి వస్తే ఆ కార్డు బట్టల మూటలో కాకుండా రేషన్ కార్డు పెట్టే కవర్లో పెట్టుకోండి. ఏ రాష్ట్రంలోనైనా ఆ కార్డు చూసి వేస్తారు, డబ్బు తీసుకోరు.

ప్రశ్న (శ్రీకాళహస్తి): బీసీజీ (టీబీ టీకా) వేసిన చోట నెలకు పొక్కు వచ్చి చీము పట్టింది. పసుపు పెట్టమంటున్నారు.

జవాబు: ఏమీ పెట్టొద్దు. రెండు మూడు వారాలకు చిన్న గడ్డ లేచి, పగిలి, మూడు నెలల లోపు మచ్చగా మిగలడం బీసీజీ తీరు. పిండొద్దు, కట్టు కట్టొద్దు, స్నానం చేయించి పొడిగా ఉంచండి. చంకలో గడ్డ పెరుగుతుంటే మాత్రం డాక్టరుకు చూపించండి. మచ్చ పడకపోయినా రెండోసారి వేయరు.

ప్రశ్న (పాకాల): మా ఇంటికి ఆశా వస్తుంది, ఏఎన్‌ఎం వస్తుంది, విలేజ్ క్లినిక్‌లో ఇంకో మేడమ్ ఉంటుంది. ఎవరిని ఏమడగాలో అర్థం కాదు. పోయిన నెల ఎంఆర్ టీకాకు పోతే ‘ఒక్క బిడ్డకు సీసా తెరవం’ అని పంపేసినారు. అది సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. ఎంఆర్ పొడిని కలిపిన తరవాత నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. ఆ వృథాకు భయపడి అలా పంపేస్తారు. కానీ ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నదే నియమం. సీసాలో మిగిలిన డోసుల కంటే టీకా పడని బిడ్డ ఖరీదెక్కువ. మళ్లీ అలా అంటే పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మెడికల్ ఆఫీసరుకు చెప్పండి.

ఇక ఎవరు ఏమిటంటే: ఆశా మీ ఊరి మనిషే, సుమారు వెయ్యి మందికి ఒకరు. గర్భిణి పేరు ముందు ఆమె చెవిన పడాలి. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇంటికొచ్చి బిడ్డ బరువు, ఒంటి వేడి, బొడ్డు చూడాలి. ఇంటి దగ్గరే కాన్పయితే మొదటిరోజూ రావాలి. ఆమె సూది వేయదు. సూది, బీపీ, కడుపు పరీక్ష, రిజిస్టరు ఏఎన్‌ఎం పని. క్లినిక్‌లో ఉండే మేడమ్‌ను ఎంఎల్‌హెచ్‌పీ అంటారు. బీఎస్సీ నర్సింగ్ చదివి కమ్యూనిటీ హెల్త్‌లో ఆరు నెలల శిక్షణ పొందినవారు. హిమోగ్లోబిన్, షుగరు, మలేరియా పరీక్షలు చేయడం, డాక్టరు రాసిన బీపీ, షుగరు మాత్రలు నెలనెలా ఇవ్వడం, ఫోన్లో డాక్టరుతో మాట్లాడించడం ఆమె బాధ్యత. 104 వాహనంతో పీహెచ్‌సీ డాక్టరు మీ ఊరికొచ్చే తేదీ కూడా ఆమెనే అడగాలి. ఆ తేదీ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

ప్రశ్న (రేణిగుంట): మా కోడలికి ఆరో నెల. రక్తం 8.6 ఉందని ఎర్ర మాత్రలు రోజుకు రెండు ఇచ్చినారు. వాంతి వస్తాందని, మలం నల్లగా వస్తాందని మానేసింది. రాగిసంగటి పెడితే చాలదా?

జవాబు: చాలదు. రాగిసంగటి వదలమని కాదు. రాగుల గొప్పతనం సున్నంలో ఉంది, నూరు గ్రాములకు 350 మి.గ్రా. దాకా కాల్షియం దొరుకుతుంది. ఇనుము కొద్దిగానే ఉంటుంది, అందులో ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. గర్భిణికి రక్తం, అంటే హిమోగ్లోబిన్, 11 ఉండాలి. 7 నుంచి 9.9 మధ్య ఉంటే మధ్యస్థ రక్తహీనత. ఆ లోటు ఆరో నెలలో తిండితో పూడదు.

ఎర్ర మాత్ర ఒక్కోదానిలో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తం సరిగ్గా ఉన్నవాళ్లకు రోజుకొకటి, మీ కోడలిలాంటి వారికి రెండు. ఇనుము మాత్రకు మలం నల్లబడడం మామూలే, భయపడొద్దు. వాంతికి మాత్రం వేళ మార్చాలి. పరగడుపున వేసుకుంటే ఇనుము బాగా పడుతుంది కానీ కడుపు తిప్పుతుంది. తిన్న గంట తరవాత వేసుకోమనండి.

ఇంతకంటే ఎక్కువగా జరిగే తప్పు ఇంకొకటుంది. క్లినిక్‌లో ఇనుము, కాల్షియం మాత్రలు కలిపే ఇస్తారు. ఇంట్లో రెండూ ఒకే అరచేతిలో పోసుకుని ఒకే గుక్కలో మింగేస్తారు, ఆపైన గ్లాసుడు పాలు. కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం కావాలి. ఇలా కుదుర్చుకోవచ్చు: పొద్దున 8కి టిఫినుతో కాల్షియం, 11కి నిమ్మకాయ నీళ్లతో ఇనుము, రాత్రి 7:30కి సంగటితో రెండో కాల్షియం, 10కి పడుకోబోయే ముందు రెండో ఇనుము. ఇనుము మాత్రకు గంట ముందూ, గంట వెనకా టీ, కాఫీ వద్దు. మలబద్ధకానికి మునగాకు, తోటకూర, నీళ్లు. నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ 400 మి.గ్రా. మూడో నెల దాటాక ఒకసారి ఇస్తారు. వేశారో లేదో కార్డులో చూడండి.

నెలకు మళ్లీ పరీక్ష చేయించండి. కనీసం ఒక గ్రాము పెరగాలి. పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. వేలు గట్టిగా పిండితే రక్తంతో పాటు ఒంటి నీరు కలిసి అంకె తక్కువ చూపిస్తుంది. మొదటి చుక్క తుడిచేసి, దానంతట అది ఊరిన చుక్కనే తీయాలి. చెయ్యి చల్లగా ఉంటే ముందు రుద్ది వెచ్చబరచాలి. మాత్రలు నిజంగా వేసుకుని కూడా పెరగకపోతే సిర ద్వారా ఇనుము ఎక్కించడానికి పంపుతారు. ఎనిమిదో నెల దాకా ఆగితే టైము చాలదు. 7 కన్నా తగ్గితే ఇంట్లో ఉంచొద్దు, ఆసుపత్రిలో చేర్చాల్సిందే.

ఖాళీ స్ట్రిప్పులు పారేయకుండా ఏఎన్‌ఎం వచ్చినప్పుడు చూపించండి. మాత్రలు మానేసి ‘వేసుకుంటున్నాను’ అని చెబితే, ఆమె పరీక్ష చేసి ‘మాత్రలు పనిచేయడం లేదు’ అనుకుని వేరే జబ్బు కోసం వెతుకుతుంది. మానేస్తే మానేశానని చెప్పడమే మేలు. ప్రతి నెలా 9న పీహెచ్‌సీలో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు, ఆ రోజు తీసుకుపోండి. కాన్పుకు 108, కాన్పయ్యాక ఇంటికి 102 తల్లీబిడ్డ వాహనం.

ప్రశ్న (చిత్తూరు): నాన్నకు 58 ఏళ్లు. క్లినిక్‌లో బీపీ 164 చూపించింది, బయట ప్రైవేటులో 138. ఏది నమ్మాలి? మాత్ర మొదలుపెట్టాక పాదాలు వాచినాయి. మొక్కు ఉందని అలిపిరి మెట్లెక్కుతానంటున్నాడు.

జవాబు: రెండూ నిజమే కావచ్చు, చూసిన తీరు వేరయి ఉండొచ్చు. బస్సు దిగి నడిచొచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుడితే పెరుగుతుంది. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆన్చి, కాళ్లు నేల మీద పెట్టి కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఆనాలి. చొక్కా మీద కట్టకూడదు. లావు చేతికి చిన్న పట్టీ కడితే ఎక్కువ చూపిస్తుంది. కొలుస్తుండగా మాట్లాడకూడదు. అరగంట ముందు టీ, బీడీ ఉండకూడదు. ఒకటి రెండు నిమిషాల ఎడంతో రెండుసార్లు చూడాలి. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 పైన ఉంటే బీపీ ఉన్నట్టే. 180/110 దాటితే అదే రోజు డాక్టరును కలవాలి. దానితో పాటు ఛాతీ నొప్పి, మాట తడబాటు, ఒకవైపు బలహీనత ఉంటే 108.

పాదాల వాపు చాలావరకు ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర చేసే పని. ప్రమాదం తక్కువే గానీ చెప్పకుండా మాత్ర ఆపేస్తే ప్రమాదం ఎక్కువ. ఎంఎల్‌హెచ్‌పీకి చూపిస్తే డాక్టరుతో మాట్లాడి మోతాదో మందో మార్పిస్తారు. ఆయాసం కూడా ఉంటే ఆగకుండా డాక్టరు దగ్గరికే పోండి. ఉప్పు రోజు మొత్తానికి ఒక టీ స్పూను, అంటే 5 గ్రాములు. ఊరగాయ, అప్పడం, మిక్చరు అందులోకే వస్తాయి.

మెట్లంటారా, అలిపిరి దారిలో 3,550. బీపీ అదుపులోకి వచ్చి, డాక్టరు సరేనన్న తరవాతే. అప్పటిదాకా బస్సులో పోయినా స్వామి ఏమీ అనుకోడు.

ప్రశ్న (కుప్పం, కొత్తగా చేరిన ఏఎన్‌ఎం): మే నెల ఎండలో సెషన్‌కు పోతూ ఐస్‌ప్యాకులు ఫ్రీజరులోంచి తీసినవి తీసినట్టే టీకా క్యారియరులో పెట్టినాము. మధ్యాహ్నానికి పెంటావాలెంట్ సీసాలో తునకలు తేలినాయి. వీవీఎం (సీసా మీద వేడి తగిలితే రంగు మారే గుర్తు) బాగానే ఉంది. వాడొచ్చా?

జవాబు: వాడొద్దు. వీవీఎం వేడిని మాత్రమే చెబుతుంది. లోపలి చదరం బయటి వలయం కంటే లేతగా ఉంటే వేడి తగల్లేదని అర్థం, గడ్డ కట్టలేదని కాదు. మన మండలాల్లో అందరికీ ఎండ భయమే. కానీ పెంటావాలెంట్, డీపీటీ, టీడీ, హెపటైటిస్ బి, పీసీవీ, ఐపీవీ చలికి చచ్చేవి. వీటిలో చాలావాటిలో మందు అల్యూమినియం లవణాన్ని పట్టుకుని ఉంటుంది. గడ్డ కడితే ఆ పట్టు విడిపోయి తునకలవుతుంది, కరిగించినా మళ్లీ కలవదు. వేడికి ఓర్వలేనివి ముఖ్యంగా పోలియో చుక్కలు, ఎంఆర్.

ఫ్రీజరులో −15 నుంచి −25 డిగ్రీల దగ్గరున్న ఐస్‌ప్యాకును అలాగే పెడితే పక్కన ఆనిన సీసా గడ్డ కడుతుంది. దాన్ని ముందు మెత్తబరచాలి, మన భాషలో కండిషనింగ్. ప్యాకులను బల్ల మీద ఎడంగా పరిచి, పైన చెమట పట్టి, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినపడేదాకా ఆగాలి. ఎన్ని నిమిషాలని గడియారం చూసి చెప్పలేం. మేలో త్వరగా అవుతుంది, డిసెంబరు చలికి కుప్పంలో చాలాసేపు పడుతుంది. చప్పుడే కొలత. క్యారియరుకు నాలుగు ప్యాకులు. సీసాలు జిప్ కవర్లో వేసి మధ్యలో పెట్టండి. ప్యాకులో నీళ్లు గీత దాకానే పోయండి, ఉప్పు ఎప్పుడూ కలపకండి. ఉప్పు నీళ్లు సున్నా కంటే దిగువకు చల్లబడతాయి.

తునకలు కంటికి కనిపించాయంటే షేక్ టెస్టు (సీసా ఊపి చూసే పరీక్ష) కూడా అక్కర్లేదు. ఆ సీసాను విడిగా పెట్టి కోల్డ్ చైన్ (టీకాల చల్లని నిల్వ) చూసేవారికి అప్పగించి రాయించండి. అనుమానం మాత్రమే ఉన్న సీసాలకే ఆ పరీక్ష. అదే కంపెనీ, అదే బ్యాచ్ సీసా ఒకటి రాత్రంతా గడ్డ కట్టించి, దానంతట అది కరిగాక, రెండింటినీ ఒకే చేతిలో పట్టి 10, 15 సెకన్లు ఊపి బల్ల మీద పెట్టండి. అరగంట గమనించండి. అనుమానపు సీసాలో మడ్డి, గడ్డకట్టించిన దానికంటే నెమ్మదిగా దిగితే మంచిది. అంతే వేగంగా దిగితే పారేయాల్సిందే.

ఆ రోజు అదే క్యారియరులోంచి టీకా పడిన పిల్లల పేర్లు రాసి మెడికల్ ఆఫీసరుకు ఇవ్వండి. సూది చోట గడ్డ లేవొచ్చు, రక్షణ దక్కకపోవచ్చు. దాచిపెడితే కార్డులో టిక్కు ఉంటుంది, ఒంట్లో టీకా ఉండదు. ఇంకొకటి. ఎంఆర్, బీసీజీ కలిపే ద్రావకం కూడా ముందురోజే 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. సీసా కలిపిన టైము దాని మీదే పెన్నుతో రాయండి.

ప్రశ్న (పుత్తూరు): మా ఆయనకు టీబీ అని తేలింది. నర్సమ్మ మా మూడేళ్ల పిల్లాడికీ మందేయాలంటోంది, వాడికి దగ్గు కూడా లేదు. ఆమె ఇంటికొస్తే వీధంతా తెలిసిపోతుందని భయం.

జవాబు: దగ్గు లేదు కాబట్టే ఆ మందు. ఐదేళ్ల లోపు పిల్లల్లో టీబీ పట్టుకుంటే మెదడు దాకా పోయే అవకాశం ఎక్కువ. జబ్బు లేదని డాక్టరు తేల్చాక, రాకుండా ఇచ్చే మందు అది. బరువును బట్టి ఐసోనియాజిడ్ రోజూ ఆరు నెలలు ఇస్తారు. మీకు, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయేమో అడుగుతారు. ఉంటే కళ్లె పరీక్ష. కళ్లె అంటే ఉమ్మి కాదు. నోరు పుక్కిలించి, లోతుగా ఊపిరి తీసి, ఛాతీలోంచి దగ్గి తీయాలి, అదీ బయట గాలిలో.

మీ ఆయన మాత్రలు బరువును బట్టి ఉంటాయి. 35 నుంచి 49 కిలోల వారికి రోజుకు మూడు, 50 నుంచి 64 వరకు నాలుగు. రెండు నెలలు నాలుగు మందులు కలిపినవి, తరవాత నాలుగు నెలలు మూడు మందులు కలిపినవి. మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడొద్దు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా అదే రోజు చూపించండి. రెండో నెలకే దగ్గు పోతుంది, బరువు పెరుగుతుంది. చాలామంది మానేసేదీ అప్పుడే. పోషకాహారానికి నెలకు 1,000 రూపాయల చొప్పున ఖాతాలో పడతాయి. 2024 నవంబరు ముందు అది 500 ఉండేది. బ్యాంకు వివరాలు మొదటివారంలోనే ఇవ్వండి.

వీధి భయానికి దారి ఉంది. ఇంటికి రావొద్దు, మేమే క్లినిక్‌కు వస్తామని నర్సమ్మతో చెప్పండి. చెప్పే హక్కు మీకుంది. అయితే చెప్పిన రోజు పోవాలి. మీరు రాకపోతే ఆమె గడప తొక్కక తప్పదు.

ప్రశ్న (తిరుపతి): పాపను వీధికుక్క గీరింది, రక్తం రాలేదు. సూది అవసరమా?

జవాబు: చర్మం గీరుకుంటే చాలు, అవసరమే. ముందు కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు రాయొద్దు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28వ రోజుల్లో రెండేసి చోట్ల వేస్తారు. రక్తం కారితే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే మందు) కూడా పడాలి. కుక్కను పది రోజులు గమనిద్దామని ఆగకండి, మొదటి సూది ఈ రోజే. మూడు సూదులయ్యాక మర్చిపోయేది 28వ రోజుదే. ఆ తేదీ ఇప్పుడే ఫోన్లో అలారం పెట్టుకోండి.